అమ్ముడుపోని గంట లాగులు

ఆ రోజుల్లో మా వైపు పాత బట్టలు వేసుకోవడానికి ఒకే ఒక్క కారణం ఉండేది. కొత్తవి లేకపోవడం. ఇంకో కారణం కూడా ఉంటుందని, డబ్బున్నవాళ్లు సైతం ఎవరో విడిచిన చొక్కా కావాలని వెతుక్కుని వేసుకుంటారని ఎవరైనా చెబితే, మా నాయిన ఆ మనిషిని దుకాణం మెట్లు కూడా ఎక్కనిచ్చేవాడు కాదు. మొన్న మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి ఒకతె ఏనుగు చెవులంత కాలరున్న పూల చొక్కా వేసుకుని వచ్చింది. ఎక్కడిదమ్మా అంటే, "థ్రిఫ్టెడ్ అక్కా, ఒరిజినల్ వింటేజ్" అని ఏదో తీర్థయాత్ర చేసొచ్చినంత గర్వంగా చెప్పింది. అందరూ చుట్టూ మూగి ఆహా ఓహో అన్నారు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. ఎందుకు మండిందో చెప్పాలంటే ఆ పిల్లను చర్ల రోడ్డు దాకా, నా డిగ్రీ రోజుల దాకా తీసుకుపోవాలి. అంత ఓపిక ఆ పిల్లకు లేదు. మీకున్నట్టుంది కాబట్టి చెబుతాను. కోపంగానే చెబుతాను, ఏమీ అనుకోకండి. మా ఇంట్లో ఏదైనా కోపంగానే చెప్పుకుంటాం. (అన్నానికి రమ్మని మా అమ్మ పిలిచినా, కొట్లాట మొదలైందనుకుని పక్కింటివాళ్లు గోడ మీదుగా తొంగి చూసేవాళ్లు.)

మాది భద్రాచలం నుంచి చర్ల పోయే రోడ్డు మీద చిన్న ఊరు. రోడ్డుకు ఒక పక్క మా బట్టల దుకాణం, దాని వెనకే మా ఇల్లు. ఎదురుగా సంత జరిగే ఖాళీ జాగా. వారానికొకసారి లోపలి పల్లెల జనం అడవి దాటుకుని కాలినడకన సంతకు వచ్చేవాళ్లు. చింతపండు, ఇప్పపువ్వు, చీపురు కట్టలు అమ్ముకుని ఉప్పూ పప్పూ బట్టా కొనుక్కుని పొద్దు వాలకముందే తిరిగి వెళ్లిపోయేవాళ్లు. మా నాయిన ఆ ఒక్క రోజు కోసమే వారమంతా దుకాణం తెరిచి కూర్చునేవాడు. అయితే ఆ సంతలోకి ఒక శత్రువు దిగాడు. పిల్లలందరం అతన్ని కుప్పమామ అనేవాళ్లం. పట్నాల్లో ఆడవాళ్లు స్టీలు గిన్నెల కోసం పాత బట్టలు వేస్తారే, అవి చేతులు మారి మారి చివరికి కుప్పమామ ఆటో ట్రాలీలో మా సంతకు చేరేవి. అతను సరిగ్గా మా దుకాణానికి ఎదురుగా పరదా పరిచి, బట్టలన్నీ కుప్ప పోసి, "ఏరుకో, ఏరుకో" అని గొంతు చించుకునేవాడు. జనం విరగబడి ఏరుకునేవాళ్లు. మా నాయిన గల్లా పెట్టె వెనక కూర్చుని పళ్లు నూరేవాడు. "ఎవడు ఇడిచిండో, ఏ రోగంతోని ఇడిచిండో! ఈడ అచ్చం కొత్తది పెట్టుకొని నేను గూసున్న, ఎవడన్న ఇటు జూస్తుండా?" అని వచ్చిన ఒకరిద్దరు గిరాకీలనే తిట్టేవాడు. వాళ్లు కూడా లేచి కుప్ప దగ్గరికి పోయేవాళ్లు.

అలాంటి ఇంట్లో పుట్టిన నేను భద్రాచలంలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాను. ఆ ఏడు కాలేజీ యానివర్సరీకి మా కామర్స్ మేడం రెట్రో షో పెడతామని ప్రకటించింది. రెట్రో అంటే ఏమిటో మాకెవరికీ తెలియదు. "మీ వయసులో ఉన్నప్పుడు మీ అమ్మానాన్నలు ఎట్లాంటి బట్టలు వేసుకున్నారో, అట్లా తయారై రావాలి" అని వివరించింది. వెనక బెంచీలోంచి లోపలి ఊరి పిల్ల ఒకతె లేచి, "మా అమ్మ అప్పుడు గట్టుకున్నదే ఇప్పుడు గూడ గట్టుకుంటది మేడం, మరి నేనేం జెయ్యాలె?" అని అడిగింది. మేడం హాజరు తీసుకోవడం మొదలుపెట్టింది. ఇంతలో కల్లూరు నుంచి వచ్చి చదువుకుంటున్న ఒక భాగ్యవంతురాలు (మేం కల్లూరు రాణి అనేవాళ్లం, ఆమెకు ఆ పేరు నచ్చింది కూడా) వాళ్ల మేనమామ హైదరాబాద్‌లో పాతకాలం డ్రస్సులు కుట్టించి పంపుతాడని చెప్పింది. నాకు అక్కడే మండింది. "కొత్తగ కుట్టిస్తే పాతయి ఎట్లయితయే?" అన్నాను. "పాతగ కనపడితే చాల్లే" అంది. "మేం అసలైన పాతయి ఏసుకొస్తం, సూస్కో" అని క్లాసంతా వినేలా సవాలు చేసేశాను. మేం అన్నప్పుడు ఆ మేంలో ఎవరెవరు ఉన్నారో నాకే తెలియదు. సాయంత్రానికి హాస్టల్ పిల్లలు కొందరు, అదిగో ఆ లోపలి ఊరి పిల్లతో సహా, నా వెనక చేరారు.

ఆ వారం ఇంటికొచ్చేసరికి సంత. ఇంకేముంది, పోయి కుప్ప మీద పడ్డాను. పైపైన కనిపించేవి ఎవరూ వద్దనుకున్నవి కాబట్టి మోచేతిదాకా చేయి దూర్చి వెతకాలి. అట్లా దూర్చి బుట్టచేతుల జాకెట్టు ఒకటి, జానెడు వెడల్పు బెల్టు ఒకటి, చుక్కల నైలాను గుడ్డ ఒకటి లాగాను. నా పక్కనే ఏరుకుంటున్న ఒక ముసలవ్వ నన్నే చూస్తోంది. "నువ్వు షావుకారి బిడ్డవు గాదూ?" అంది. అవ్ అన్నాను. "కొత్తయి ఏసుకోవా?" అంది. "పాతయే కావాలె అవ్వా" అన్నాను. ఆమె మా దుకాణం వైపు చూసింది, నా చేతిలో జాకెట్టు చూసింది, తనకు తోచింది తాను అనుకుంది. మొహం చిన్నబోయింది. తన మూటలోంచి ఏరి పెట్టుకున్న ఆకుపచ్చ వోణీ తీసి నా చేతిలో పెట్టి, "తీస్కో బిడ్డా, యాడా సినగలే. మీ నాయినతోని జెప్పకు" అంది. నేను సిగ్గుపడి ఉండాల్సింది కానీ ఎగిరి గంతేశాను, ఎందుకంటే అది నిజంగా అంత మంచి వోణీ. నా గంతు చూసి చుట్టూ ఉన్న ఆడవాళ్లు ఇంకా బాధపడ్డారు. షావుకారు బిడ్డకు బట్టలు పెట్టడంలేదంట అన్న మాట నాకంటే ముందే రోడ్డు దాటి మా దుకాణంలోకి వెళ్లిపోయింది.

మా నాయిన కుప్ప వచ్చిన దగ్గర్నుంచి ఆ రోడ్డు దాటి ఎరగడు. ఆ రోజు దాటాడు. నా చేతిలోవి ఒక్కొక్కటే గుంజుకుని కుప్ప మీదికి విసిరాడు. "ఏందే గిది?" అన్నాడు. "కాలేజీల రెట్రో షో నాయినా" అన్నాను. "నీ రెట్రో బొంద వెట్ట! బట్టల దుకాణం ఉన్నోని బిడ్డవయ్యి కుప్పల ఏరుకుంటవా? సొంత బిడ్డే ఎక్కని దుకాణం రేపటికెల్లి ఊరోళ్లు ఎక్కుతరా?" అని సంతంతా ఆగిపోయేలా అరిచాడు. కుప్పమామ ఊరుకున్నా బాగుండేది. "పోనియ్యి షావుకారూ, పిల్ల ముచ్చటపడ్డది, పైసలొద్దులే" అన్నాడు, చాలా పెద్ద మనసుతో. ఆ పైసలొద్దులే అన్న మాట విన్నాక మా నాయిన మొహం రంగు ఇప్పటికీ నా కళ్లకు కట్టినట్టుంది. ముసలవ్వ ఇచ్చిన వోణీ మాత్రం నేను వీపు వెనక దాచేసి ఆమెకే తిరిగి ఇచ్చాను. లేకపోతే దాన్ని కూడా విసిరేసేవాడు.

ఆ పూట అన్నాల దగ్గర యుద్ధం కొనసాగింది. నేను తిననన్నాను, తినకుంటే పొమ్మన్నాడు, పోతానన్నాను, కూర్చోమన్నాడు. మాటా మాటా పెరిగి, "పాతయి కావాల్నంటే మన దుకాణంల లెవ్వా? ఆ కుప్పకే పోవాల్నా?" అనేశాడు. అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. ముగ్గురం ఒకేసారి తల పైకెత్తి అటక వంక చూశాం. నిజం చెప్పొద్దూ, పుట్టిన దగ్గర్నుంచి ఆ అటక కింద అన్నం తింటున్నా, అక్కడ ఉన్నవి బట్టలని నాకెప్పుడూ తట్టలేదు. అవి మా ఇంట్లో బట్టలు కావు, తిట్లు.

సంగతేమిటంటే, మా నాయినకు పెళ్లి కాకముందు, ఆ దుకాణం మా తాతది. తాత ఒకసారి నాయినను మొదటిసారి ఒంటరిగా బెజవాడకు సరుకు తెమ్మని పంపాడు. తేవలసింది లుంగీలు, తువ్వాళ్లు, ముతక చీరలు. తెచ్చింది రెండు బేళ్ల నిండా బెల్ బాటం ప్యాంట్లు, పూల చొక్కాలు. "బెజవాడల పోరగాండ్లందరు గివే ఏసుకుంటున్నరు, మనోళ్లు ఎగబడి కొంటరు" అన్నాడట. మనోళ్లు వాగులు దాటాలి, బురదలో దిగాలి, పల్లేరు కాయల్లో నడవాలి. కింద అంత వెడల్పున్న ప్యాంటు వేసుకుని వాగు దాటితే సగం వాగు ప్యాంటులోనే ఉంటుంది. తాత వాటికి గంట లాగులని పేరు పెట్టాడు. మొత్తం మీద ఒక్కటి అమ్ముడుపోయింది, బడిపంతులుగారికి. ఆయన అది వేసుకుని సైకిలెక్కి ఊరు దాటకముందే ప్యాంటు గంట చైన్లో పడి, పంతులుగారు కాలవలో పడి, సగం కాలు లేని ప్యాంటు తెచ్చి దుకాణంలో పడేసి పోయాడు. ఆ తరవాత ఊళ్లో ఎవడూ వాటి జోలికి పోలేదు. అవి మంచి బట్టలని మా వైపు తెలిసేనాటికి బెజవాడలో సన్న ప్యాంట్లు వచ్చేశాయి.

ఇక మా తాత బతికున్నంత కాలం వాటినే తిట్టాడు. కూర చప్పగా ఉంటే గంట లాగులు, వాన పడకపోతే గంట లాగులు, బస్సు ఆలస్యమైతే గంట లాగులు. కొత్త గిరాకీ ఎవరైనా వస్తే, "మావోని తెలివి సూడాల్నంటే అటకెక్కి సూడున్రి" అని పది మందిలో నవ్వించేవాడు. నాయిన ఎదురు మాట్లాడేవాడు కాదు. మా నాయినమ్మ చెప్పేది, ఒకే ఒక్కసారి లేచి, "ఎప్పటికన్న అమ్ముత. నీ కండ్లముందే అమ్ముత" అన్నాడని. "అమ్మురా, నా కండ్లముందు అమ్ము, సూద్దాం" అని తాత అన్నాడని. ఆ చూద్దాం చూడకుండానే నేను డిగ్రీలో చేరిన ఏడు తాత పోయాడు. నాయిన మాత్రం ఏటా ఎండాకాలం ఆ మూటలు దింపి, ఎండబెట్టి, ఇస్త్రీ గీత చెడకుండా మడిచి, మధ్యమధ్య కలరా ఉండలు పెట్టి మళ్లీ ఎక్కించేవాడు. అంతసేపూ ఎవరినో తిడుతూనే ఉండేవాడు. అంత కోపంగా అంత జాగ్రత్తగా బట్టలు మడిచే మనిషిని నేను మళ్లీ చూడలేదు.

"అవి ఇయ్యి నాయినా" అన్నాను. "ముట్టుకుంటే చేతులిరగ్గొడుత" అన్నాడు. "ఎట్లాగూ అమ్ముడుపోయేటియి కావు గద!" అన్నాను. ఆ ఇంట్లో అనకూడని మాట ఏదైనా ఉందంటే అదే. ఆయన కంచంలో చేయి కడిగేసుకుని లేచిపోయాడు. (ఇది నేను తప్పు ఒప్పుకుంటున్నట్టు చదవకండి. చెప్పింది నిజమే కదా! నాకు అప్పుడూ కోపమే, ఇప్పుడూ కోపమే.)

తెల్లారి ఆయన దుకాణంలోకి పోగానే అమ్మే నిచ్చెన తెచ్చి వేసింది. "తీస్కపో. ఆ మూటలు పోతే నా ఎండుమిరపకాయల బస్తన్న పెట్టుకుంట" అంది. ఆమెకు ఆ అటక మీద పెళ్లయిన దగ్గర్నుంచీ కోపం. ఇద్దరం కలిసి పట్టినన్ని ప్యాంట్లూ చొక్కాలూ పెద్ద సంచిలో కూరి, పైన పచ్చడి సీసా ఒకటి పెట్టి, పెరటి దారిన బస్సుకు పోయాం. ఎవరైనా అడిగితే పచ్చడి తీసుకుపోతున్నానని చెప్పాలి. అంత బరువు పచ్చడి హాస్టల్ మొత్తానికీ ఏడాది వస్తుందని మా ఇద్దరికీ తట్టలేదు. తట్టనిది ఇంకొకటి ఉంది, అదే కొంప ముంచింది.

మా రోడ్డు మీద బతికేవాళ్లకు ఒక పద్ధతి ఉండేది, ఎవరూ నేర్పకుండానే అందరికీ వచ్చు. ఒకే రకం వస్తువు ఇంటికి అవసరమైనదానికంటే ఎక్కువ దగ్గర పెట్టుకుని ప్రయాణం చెయ్యకూడదు. మందులైనా, బ్యాటరీలైనా, చెప్పులైనా, బట్టలైనా. అడవిలో ఉండేవాళ్లను మేం లోపలోళ్లు అనేవాళ్లం, అంతకుమించి పేరు ఎత్తేవాళ్లం కాదు. వాళ్లకు చేరవేస్తున్నారేమోనని దారిలో పోలీసులు ఆపి చూసేవాళ్లు. పెళ్లికి ఒకే రకం చీరలు కొన్నవాళ్లు కూడా శుభలేఖ వెంట పెట్టుకునే బస్సెక్కేవాళ్లు. మా నాయినైతే ఆకుపచ్చ గుడ్డ తానులు తేవడమే మానేశాడు. ఇదంతా తెలిసి తెలిసి నేను అచ్చం ఒకేలాంటి మగవాళ్ల ప్యాంట్లు సంచి నిండా వేసుకుని బస్సులో కూర్చున్నాను. కోపంలో ఉన్న మనిషికి బుర్ర పనిచెయ్యదనడానికి ఇంతకంటే ఏం కావాలి?

ఊరు దాటి కూతవేటు దూరం పోగానే పోలీసు క్యాంపు. బస్సాపి అందర్నీ దించి సంచులు విప్పమన్నారు. కానిస్టేబుల్ నా సంచిలోంచి పచ్చడి సీసా తీశాడు, దాని కింద ప్యాంటు తీశాడు, దాని కింద ఇంకో ప్యాంటు తీశాడు. అట్లా తీస్తూనే ఉన్నాడు. తీసిన కొద్దీ బస్సు జనం నా నుంచి ఒక్కో అడుగు దూరం జరిగారు. "ఏందమ్మా ఇవన్నీ?" అన్నాడు. "పాత బట్టలు సార్" అన్నాను. అతను ప్యాంటు నడుముకు వేలాడుతున్న కంపెనీ చీటీ చూపించాడు. "చీటీలు గూడ ఊడలే, పాతయంటవేంది?" అన్నాడు. "ఎవరూ ఏసుకోలేదు సార్, కానీ పాతయే." "కొత్తయా పాతయా, ఒక్క మాట చెప్పు." "కొత్తగున్న పాతయి సార్" అన్నాను, అంతకంటే నిజం ఎట్లా చెప్పాలో తెలియక. అతను పోయి ఎస్సైని పిలుచుకొచ్చాడు. ఎవరికోసం తీసుకుపోతున్నావని ఆయన అడిగాడు. మేమే వేసుకుంటామన్నాను. "ఆడపిల్లలు? మగోళ్ల ప్యాంట్లు?" అన్నాడు. నాకు కోపం ముంచుకొచ్చింది. "అవ్ సార్, ఏసుకుంటం. ఏం, తప్పా?" అన్నాను. వెనక నుంచి ఎవరో పెద్దావిడ, "బిడ్డా, జర నోర్మూస్కో, నీకు దండం పెడత" అంది. మీ నాన్న ఎవరని అడిగి దుకాణానికి ఫోన్ చేశారు.

మా నాయిన ఎవరిదో మోటారు సైకిలు వెనక కూర్చుని వచ్చాడు. బట్ట కొలుస్తూ కొలుస్తూ లేచి వచ్చినట్టున్నాడు, చేతిలో ఇనప మీటరు కర్ర అట్లాగే ఉంది. ముందు ఆ కర్ర కింద పెట్టమన్నారు. పెట్టాడు. అప్పుడు చూశాడు, నడిరోడ్డు మీద గోనెపట్టా పరిచి, దాని మీద వరసగా ఆయన గంట లాగులు, చుట్టూ బస్సెడు జనం. నన్ను కొడతాడనుకున్నాను. నా వైపు కూడా చూడలేదు. "ఇవి మీవేనా?" అన్నాడు ఎస్సై. "నాయే సార్." "ఎవరికి పంపుతున్నరు?" "ఎవ్వలకు గాదు సార్. ఇవి ఎవ్వలు కొనరు. కొనేటోడే ఉంటే ఇంతకాలం నా అటక మీద ఎందుకుంటయ్?" "అమ్ముడుపోని సరుకు ఎవడన్నా ఇన్నేండ్లు దాచుకుంటాడా?" అన్నాడు ఎస్సై. మా నాయిన కింద పెట్టిన మీటరు కర్ర వంక చూస్తూ నిలబడ్డాడు. అంత కోపిష్టి మనిషి అట్లా నోరు మెదపకుండా నిలబడటం చూసి నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే ఇంకా కోపం వస్తుంది నాకు.

అప్పుడు బస్సు జనంలోంచి ఒక తలపాగా ఆయన ముందుకొచ్చాడు. "నిజమే సార్. ఇవి గంట లాగులు. మాకందరికి ఎరికే. వీళ్ల పెద్దాయన సచ్చేదాంక తిట్టిండు వీటికోసం" అన్నాడు. అంతే, గేట్లు ఎత్తినట్టయింది. ఒకావిడ మా తాత ఎట్లా తిట్టేవాడో గొంతు మార్చి తిట్టి చూపించింది. ఇంకొకాయన పంతులుగారు కాలవలో పడ్డది తానే చూశానన్నాడు. కండక్టర్ కూడా తనకు తెలుసన్నాడు, అతనిది ఆ ఊరే కాదు! మా ఇంట్లో మేం గుట్టుగా దాచుకున్నామనుకున్న అవమానం ఆ రోడ్డు పొడుగునా అందరికీ కంఠతా వచ్చని, అదే ఇవాళ మమ్మల్ని కాపాడుతోందని నాకు అర్థమైంది. ఎస్సైకి నవ్వాగలేదు. కుర్రాడు, వేరే జిల్లావాడు. "ఇంతకీ ఇది ఎట్లుంటది వేసుకుంటే? చూపియ్యండి" అన్నాడు.

మా నాయిన వంగి ఒక ప్యాంటు తీశాడు. దుమ్ము దులిపాడు. తన నడుముకు ఆనించి పట్టుకున్నాడు. "సూడున్రి సార్. నడుం కాడ గట్టిగ పట్టుకుంటది. తొడ కాడ అతుక్కొని ఉంటది. మోకాలు దాటినంక ఇగ ఇడుస్తది. నడుస్తుంటే గాలాడుతది, మీకంటె ముందు మీ ప్యాంటే పోతది. ఎన్ని ఉతుకులు ఉతికినా రంగు పోదు, ఇస్త్రీ గీత చెదరదు. బెజవాడల దీనికోసం లైన్లు గడుతున్నరు సార్" అన్నాడు. గడుతున్నరు అన్నాడు, ఇప్పుడే కడుతున్నట్టు! పెళ్లి కాని వయసులో బస్సులో కూర్చుని తయారు చేసుకుని, మా ఊళ్లో దిగాక ఎవరికీ చెప్పే అవకాశం రాని మాటలవి. జనం నవ్వడం మానేసి విన్నారు. డ్రైవర్ కూడా హారన్ కొట్టడం ఆపాడు. "నాకు సరిపోతదా?" అన్నాడు ఎస్సై వేళాకోళంగా. నాయిన ఆయన్ని పైనుంచి కిందికి చూసి, "మీకు నడుం వదులైతది సార్, వద్దు" అన్నాడు. మమ్మల్ని పొమ్మన్నారు.

నన్ను, మూటనూ ఇంటికి ఈడ్చుకుపోతాడని సిద్ధంగా ఉన్నాను. ఆయన రోడ్డు మీది ప్యాంట్లన్నీ ఒక్కొక్కటే దులిపి, గీత మీద గీత పెట్టి మడిచి, సంచిలో సర్ది (పచ్చడి సీసా విడిగా నా చేతిలో పెట్టి, "బట్టల మీద నూనె సీసా పెడతరా ఎవరన్న?" అని మొదటి తిట్టు తిట్టి), మీటరు కర్ర చంకన పెట్టుకుని బస్సెక్కాడు. "భద్రాచలం ఒకటి" అన్నాడు కండక్టర్‌తో.

షో ఆ సాయంత్రమే. కాలేజీలో మేం తయారవుతుంటే గది బయట కూర్చున్నాడు, ఆ కర్రతో సహా. లోపలి నుంచి ఏ చిన్న చప్పుడు వినపడినా, "పిన్నీసులు వెట్టుకోన్రి, కత్తెర ముట్టిన్రంటే ఊకోను" అని అరిచేవాడు. మేం బెల్ బాటం ప్యాంట్లకు నడుము దగ్గర పిన్నీసులు గుచ్చి, పూల చొక్కాల అంచులు ముడేసి, హాస్టల్ వార్డెన్ పాత నైలాను చీర చింపి మెడలకు రుమాళ్లు కట్టుకుని, ఎవరి తాత కళ్లజోళ్లు వాళ్లు పెట్టుకుని స్టేజీ ఎక్కాం. అమ్మకు పాత బట్టా కొత్త బట్టా ఒకటేనన్న పిల్ల అందరికంటే ముందు నడిచింది. గంటలు ఊగుతుంటే షామియానా కిందున్న జనం లేచి నిలబడి ఈలలు వేశారు. నేను స్టేజీ మీంచి నాయిన కోసం చూశాను. చివర్లో షామియానా గుంజ పట్టుకుని నిలబడి ఉన్నాడు. నవ్వడంలేదు. ప్యాంట్లను చూస్తున్నాడు, ఒక్కొక్కదాన్నే.

బహుమతి మాత్రం కల్లూరు రాణికి ఇచ్చారు. ఎందుకో చెబితే మీకూ మండుతుంది. ఆమె మేనమామ కొత్త డ్రస్సులు కుట్టించి, వాటిని బ్లీచింగ్‌లో వేసి వెలిసిపోయేలా చేయించి పంపాడట. మావి మరీ కొత్తగా ఉన్నాయట, పాతకాలం కళ రాలేదట! మడతలు కూడా చెడలేదు, ఇవి ఈమధ్యే కొన్నట్టున్నారు అని జడ్జీగారు మైకులో అన్నారు. నేను స్టేజీ మీదికి ఉరికి ఆయనతో మాట్లాడదామనుకున్నాను. మేడం నా చొక్కా ముడి పట్టుకుని వెనక్కు లాగింది. ఆ జడ్జీగారు ఇప్పుడెక్కడున్నారో తెలియదు, ఉంటే ఇది చదవాలని నా కోరిక.

కానీ అసలు సంగతి ఆ తరవాత జరిగింది. మగపిల్లలు గుంపులుగా వచ్చి నాయిన మీద పడ్డారు. అంకుల్ ఇవి ఎక్కడ దొరుకుతాయి, అంకుల్ నాకొకటి, ఆ పూల చొక్కా నాకు, ఎంతైనా పర్లేదు అంకుల్ అని ఒకటే గోల. ఇంతకాలానికి! ఎగబడి కొంటరు అని ఆయన అన్న మాట ఇంతకాలానికి నిజమై కళ్లెదుట నిలబడింది. మా నాయిన వాళ్ల మొహాలు చూశాడు. మేం విప్పి ఇచ్చిన ప్యాంట్లు సంచిలో కుక్కుకుంటూ, "అమ్మను" అన్నాడు. అదేంటి అంకుల్ అన్నారు. "అమ్మనంటే అమ్మను! ఇన్నేండ్లు ఏడ వోయిన్రు మీరంత? ఏం రోగమొచ్చింది మీకు?" అని అరిచాడు. పాపం, ఆ పిల్లలప్పటికి పుట్టనేలేదు. తిట్లు తిని బిత్తరపోయి పక్కకు జరిగారు.

మర్నాడు సెలవు కాబట్టి నేనూ ఇంటికే. తిరుగు బస్సులో కిటికీ పక్కన ఆయన, పక్కన నేను, ఒళ్లో సంచి. బహుమతి పోయింది సరే, గిరాకీ కాళ్ల దగ్గరికొస్తే తన్నేస్తారా ఎవరైనా? దుమ్ముగూడెం దాటేదాకా ఓపిక పట్టి ఇక పట్టలేక, "తాత గెలిచినట్టే గద ఇగ! అడిగినోళ్లకు అమ్ముంటే అయిపోవు. మళ్ల అటకెక్కియ్యి, మళ్ల ఎండవెట్టు!" అన్నాను. ఆయన కూడా అంతే కోపంగా నా వైపు తిరిగాడు. "అమ్మి ఎవరికి సూపియ్యాలెనే? నా కండ్లముందు అమ్మురా, సూద్దాం అన్నడు. సూసే కండ్లు పాయె. ఇయ్యాల లోకమంత ఎగవడ్డా నాకేంది? ఆయన సూసుంటే సాలు. ఒక్కటి అమ్ముడువోతుంటే ఆయన సూసుంటే సాలు" అన్నాడు. బస్సులో అందరూ మా వైపు తిరిగారు.

"నేను సూసిన గద నాయినా" అన్నాను. "అందరు ఎగవడుడు నేను సూసిన."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "నువ్వు సూస్తే లెక్కనా?" అన్నాడు విసురుగా. "నువ్వు పుట్టినకాన్నించి నా దిక్కున్నదానివేనాయె!" అని కిటికీ వైపు తిరిగిపోయాడు.

అంతమంది ముందు నా సాక్ష్యాన్ని అట్లా కొట్టిపారేస్తాడా అని నాకు పట్టరాని రోషం వచ్చింది. ఊరొచ్చాక ఆయన కంటే ముందు దిగి, వెనక్కు తిరక్కుండా విసవిసా ఇంట్లోకి నడిచాను. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది, ఆ నవ్వు వెంట ఇంకేదో కూడా వస్తుంది. మా నాయిన జీవితంలో నాతో అన్న అన్నింటికంటే మంచి మాట అది. అది కూడా తిట్టేననుకుని, ఆ పిచ్చిపిల్ల ఆ పూట అలిగి అన్నం కూడా తినలేదు.